పెట్టె ముందు పోయింది

కౌంటరు వెనక నుంచి ఆరోగ్యసామి తల అడ్డంగా ఊపాడు. కనకవల్లి లేచి, నలిగిన పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంది. అతను దగ్గరికి వచ్చి చెప్పవలసిన అవసరం కూడా లేకుండా పోయింది. ఆ వారమంతా అదే తల, అదే ఊపు.

"ఈ పొద్దు కూడా లేదా?" అన్నాడు రంగనాథం, బూటు లేసు వదులు చేసుకుంటూ.

"లేదంట. లేవండి, పొద్దు వాలితే రైల్లో జనం జాస్తి అవుతారు."

వాళ్ళ కూతురు జనని ఈ మీనంబాకం విమానాశ్రయంలోనే ఒక విదేశీ విమాన కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. ఉద్యోగుల తల్లిదండ్రులకు ఆ కంపెనీ నామమాత్రపు ధరకు టికెట్ ఇస్తుంది. అయితే ఆ టికెట్‌కు సీటు ఉండదు. పూర్తి డబ్బు కట్టినవాళ్ళందరూ ఎక్కాక ఎక్కడైనా ఖాళీ మిగిలితే పేరు పిలుస్తారు. మిగలకపోతే మర్నాడు మళ్ళీ రమ్మంటారు. దాన్ని స్టాండ్‌బై అంటారని జనని చెప్పినప్పుడు, "అంటే నిలబడి పోవాల్నా, సిటీ బస్సు మాదిరి?" అని రంగనాథం నవ్వాడు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే ఆయనకు నవ్వు రావడం లేదు.

జనని ట్రైనింగ్ అని బొంబాయి వెళ్తూ ఎన్నో జాగ్రత్తలు చెప్పి వెళ్ళింది. నాన్న బూట్లు వేసుకోవాలి, చొక్కా లోపలికి దోపుకోవాలి. అమ్మ మంచి చీర కట్టుకోవాలి. కౌంటరు దగ్గర గొంతు పెంచకూడదు. సీటు ఎందుకు రాలేదని నిలదీయకూడదు. టికెట్ ఊరికే వచ్చినట్టు పక్కవాళ్ళతో అనకూడదు. అందుకని మొగుడూ పెళ్ళాలిద్దరూ రోజూ పెళ్ళివారిలా తయారై వచ్చి, పంక్తిలో చోటు దొరకని చుట్టాల్లా ఆ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, సింగపూర్ విమానం వాళ్ళను వదిలేసి ఎగిరిపోయాక పెట్టె మోసుకుంటూ తిరుశూలం స్టేషన్‌కు నడిచేవారు.

సింగపూరులో కనకవల్లి అక్క గోవిందమ్మ ఉంది. పెళ్ళయిననాటి నుంచీ అక్కడే. భర్త పోయాడు, కొడుకు సాయిరామ్ ఒక్కడే తోడు. ఆమెకు గుండె ఆపరేషన్ చేయాలన్నారు. "నువ్వు వచ్చి నా పక్కన కూర్చుంటేనే నేను ఆ బల్ల మీద పడుకునేది" అని ఫోన్లో తేల్చి చెప్పింది గోవిందమ్మ. మామూలు టికెట్ కొనే స్తోమత జార్జి టౌనులో ఇనప సామాన్ల కొట్లో లెక్కలు రాసి రిటైరైన రంగనాథానికి లేదు. కార్పొరేషన్ స్కూల్లో కుట్టుపని నేర్పిన కనకవల్లి పెన్షన్ అంతకంటే తక్కువ.

చింతాద్రిపేటలో వాళ్ళ వీధి వీధంతా మొదటిరోజే వాళ్ళకు వీడ్కోలు చెప్పేసింది. పాలు మాన్పించారు. గ్యాస్ కట్టేసి, బిందెలు బోర్లించి బయలుదేరారు. ఆ సాయంత్రమే పెట్టెతో తిరిగొస్తే ఎదురింటి అమ్మాసి, "అయ్యో, ఏమాయె అక్కా?" అని పరుగెత్తుకొచ్చింది. మర్నాడు గుమ్మంలో నిలబడి అడిగింది. ఆ తరువాత అడగడం మానేసి చూడటం మొదలుపెట్టింది. అడగడం కంటే ఆ చూపే కనకవల్లికి కష్టంగా ఉండేది.

ఆరోగ్యసామి తల ఊపిన ఆ మధ్యాహ్నమే ఏకాంబరం అనే ఆయన వాళ్ళను పలకరించాడు.

"మీరు మనవాళ్ళేనా?"

కనకవల్లి గిరుక్కున తిరిగి చూసింది. ఆ హాల్లో అరవం, ఇంగ్లీషు, హిందీ తప్ప మరో మాట విని ఎరగదు. వెనక వరస కుర్చీలో యాభై దాటినాయన. తెల్ల చొక్కా, నుదుట చందనం బొట్టు, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు.

"ఆమా, మాది చింతాద్రిపేట. మీదేది?"

"తిరుత్తణి పక్కనమ్మా. ఇంట్లో అంతా మన మాటే. ఈడ మన మాట చెవిన పడి ఎన్నాళ్ళయిందో! నాదీ మీ మాదిరి టికెట్టే. మా బామ్మర్ది ఒక కంపెనీలో ఉండాడు. నాకు ఈ పడిగాపులు అలవాటే గానీ, పావం, మీరు కొత్త మాదిరి అగపడతా ఉండారు."

కాఫీ తెచ్చిచ్చాడు. ఏ రోజు రద్దీ తక్కువో, ఏ రోజు ఎక్కువో చెప్పాడు. మెత్తటి గొంతు. అడిగినట్టు ఉండదు, అన్నీ అడుగుతాడు. నాలుగు రోజులుగా నోరు కట్టేసుకుని కూర్చున్న కనకవల్లికి ఎదుటి మనిషి తన మాటలో పలకరించేసరికి గట్టు తెగినట్టయింది. అక్క ఆపరేషన్ సంగతి చెప్పింది. సాయిరామ్ కారు తీసుకుని విమానాశ్రయానికి వస్తాడని చెప్పింది. జనని బొంబాయిలో ఉన్న సంగతి, దిగిన హోటల్ పేరుతో సహా చెప్పింది.

తిరుగు రైల్లో రంగనాథం చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తరువాత అన్నాడు:

"ఆయన చేతిలో పెట్టె లేదు, చూసినావా?"

"దాంతో మీకేం పని?"

"సింగపూరు పోయేవాడు చంకలో తోలు సంచి పెట్టుకొని వస్తాడా? సీటు లేదంటే కూడా ఆ ముఖం కొంచెం కూడా మారలే."

"అలవాటైపోయిందని చెప్పినాడు కదండీ."

తమతోపాటే రైలెక్కుతానన్న ఏకాంబరం మెట్ల వంతెన మీదే ఆగిపోయి, రైలు కదిలేదాకా తమ పెట్టె వంకే చూస్తూ నిలబడ్డ సంగతి రంగనాథం భార్యతో చెప్పలేదు.

ఆ రాత్రి సాయిరామ్ ఫోన్ చేశాడు. ఆపరేషన్ శుక్రవారానికి ఖాయం చేశారట. గోవిందమ్మ గొంతు బలహీనంగా వచ్చింది. "నువ్వు రాకుండానే కోసేట్టు ఉండారు కనకా" అంది. కనకవల్లి, "వస్తా ఉండానక్కా, రేపు తప్పకుండా వస్తా" అంది.

మర్నాడు పెద్ద పెళ్ళిబృందం ఒకటి వచ్చి విమానమంతా నింపేసింది. ఆరోగ్యసామి పాపం తల కూడా ఊపలేకపోయాడు, చూపు తప్పించుకున్నాడు. ఏకాంబరం ఆ రోజు కనిపించలేదు. కానీ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చింతాద్రిపేటలో వాళ్ళ గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు.

"రాకూడదా?" అన్నాడు నవ్వుతూ, చెప్పులు విడుస్తూ.

రంగనాథం వాకిట్లోనే నిలబడి, "మా ఇల్లు మీకెట్ల తెలిసింది?" అన్నాడు.

"మీ పెట్టె మీద చీటీ అంటించి ఉండారు కదయ్యా, విలాసం అంతా దాని మీదే ఉండాది." ఇంట్లోకి వచ్చి ఊయల బల్ల మీద కూర్చున్నాడు. గోడ మీది ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. జనని యూనిఫారం ఫొటో దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. "ఈ అమ్మాయేనా? చక్కగా ఉండాది" అన్నాడు.

కనకవల్లి కాఫీ ఇచ్చింది. గ్లాసు పైకెత్తి తాగుతూ ఆయన మామూలుగా అన్నాడు, "రేపు మీకు సీటు వస్తుంది అక్కా. ఇద్దరికీ."

"ఎట్ల వస్తుంది?"

"నేను చెప్పిపెట్టినాలే. ఎట్లయితే ఏమి? అక్కను చూస్తావా లేదా?" ముందురోజు దాకా 'అమ్మా' అని పిలిచినవాడు ఎప్పుడు 'అక్కా'లోకి దిగాడో ఆమె గమనించలేదు. రంగనాథం గమనించాడు.

అప్పుడు ఏకాంబరం తోలు సంచిలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. బిస్కెట్ల డబ్బా అంత ఉంది. చుట్టూ తెల్లగుడ్డ కప్పి కుట్టేశారు. అక్కడ తన తమ్ముడి కూతురు నీళ్ళాడే రోజుల్లో ఉందనీ, సున్నుండలు పంపమని ప్రాణం తోడేస్తోందనీ, తనకెప్పుడు సీటు దొరుకుతుందో తెలియదనీ చెప్పాడు. ఆ పిల్ల మొగుడే వచ్చి సాయిరామ్ ఇంట్లో తీసుకుంటాడట.

కనకవల్లి డబ్బా చేతిలోకి తీసుకుంది. బరువుగానే ఉంది, సున్నుండలు బరువే కదా. అయితే గుడ్డకు ఎక్కడా నెయ్యి వాసన లేదు. ముక్కు దగ్గరికి తెచ్చుకోబోయి, ఏకాంబరం తననే చూస్తున్నాడని తెలిసి ఆగిపోయింది.

"ఇట్లాంటివి మేము ఎత్తుకొని పోము. ఏమనుకోవద్దండి" అన్నాడు రంగనాథం.

ఏకాంబరం నొచ్చుకోలేదు. గ్లాసు కింద పెట్టి, "మీ ఇష్టం అయ్యా. సీటు సంగతి కూడా మీ ఇష్టమే" అన్నాడు అదే మెత్తటి గొంతుతో.

పక్కింటి రేడియోలో అరవ వార్తలు నడుస్తున్నాయి. కనకవల్లి లేచింది. పెట్టె తెరిచి, చీరల మధ్య చోటు చేసి, డబ్బాను అందులో పెట్టేసింది. మొగుడి ముఖం వంక చూడలేదు.

ఏకాంబరం చెప్పినట్టే అయింది. మర్నాడు మధ్యాహ్నం ఆరోగ్యసామి తల ఊపలేదు, చేత్తో పిలిచాడు. "అమ్మా, మీకు అదృష్టం తిరిగింది. టికెట్ కొన్న ఇద్దరు రాలేదు. త్వరగా రండి" అన్నాడు అరవంలో. పెట్టె తూకం వేసి, చీటీ కట్టి, బెల్టు మీదికి తోశాడు. అది ఊగుతూ వెళ్ళి రబ్బరు తెరల వెనక మాయమైంది. కనకవల్లికి ఏదో వెనక్కి లాగినట్టయింది కానీ, అప్పటికే చేతిలో బోర్డింగ్ కార్డులు పడ్డాయి.

పాస్‌పోర్టుల మీద ముద్ర పడింది. విమానం ఎక్కారు. రంగనాథానికి కిటికీ పక్క, ఆమెకు మధ్య సీటు. బెల్టు ఎలా పెట్టుకోవాలో ఒక అమ్మాయి నవ్వుతూ చూపించింది. చల్లటి గాలి మొహాన తగులుతుంటే కనకవల్లి కళ్ళు మూసుకుని, "ఇంక పోయి చేరేస్తాం" అంది. రంగనాథం చేయి ఆమె చేతిని పట్టుకుంది.

తలుపు వేసే ముందు కంపెనీ కుర్రాడొకడు వాకీటాకీతో నడవలో వచ్చి వాళ్ళ వరస దగ్గర ఆగాడు. వంగి, చిన్న గొంతుతో, ఇంగ్లీషులో క్షమించమన్నాడు. బొంబాయి నుంచి ఆలస్యంగా వచ్చిన విమానంలోంచి పూర్తి టికెట్ ఉన్న ఇద్దరు ఇప్పుడే దిగారట. వాళ్ళు అందుకోవలసిన విమానం వెళ్ళిపోయింది కనక ఇందులోనే ఎక్కించుకోక తప్పదట.

"మేము కూర్చొనేసినాం కదా బాబూ" అంది కనకవల్లి.

"స్టాండ్‌బై మేడమ్. సారీ."

చుట్టుపక్కల వాళ్ళు చూస్తుండగా బెల్టులు విప్పుకుని లేచారు. మెట్లు దిగుతూ రంగనాథం, "మా పెట్టె?" అని అడిగాడు. కుర్రాడు గడియారం చూసుకున్నాడు. నిజానికి దింపాలి గానీ, పెట్టెలన్నీ లోపల సర్దేశారు, వెతికితే ఇంకా ఆలస్యం అవుతుంది. ఎలాగూ రేపు వెళ్తారు కదా, అక్కడ భద్రంగా ఉంటుంది అన్నాడు.

పాస్‌పోర్టుల మీద అప్పుడే వేసిన ముద్రను ఇమిగ్రేషన్ అధికారి గీత కొట్టి రద్దు చేశాడు. వాళ్ళు బయటికి వచ్చేసరికి విమానం రన్‌వే మీదికి తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఏకాంబరం బయట ఒక స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. వాళ్ళను చూడగానే ఆ ముఖంలోని చిరునవ్వు తుడిచేసినట్టు పోయింది. ఏమైందని అడగలేదు. ఎందుకు దిగిపోయారని అడగలేదు.

"పెట్టె యాడ?" అన్నాడు.

కనకవల్లికి ఆ రెండు మాటలతో అంతా అర్థమైంది.

"అది పోయింది. విమానంలోనే" అన్నాడు రంగనాథం.

ఏకాంబరం ఆయన మణికట్టు పట్టుకున్నాడు. చూసేవాళ్ళకు పలకరింపులాగే ఉంటుంది. "రేపు మీరు పోవాల్సిందే. ఎట్లయినా పోవాల. పోయి మీ పెట్టె మీరు తీసుకోవాల. తెలిసిందా అయ్యా? మీ పేరు ఉండాది దాని మీద." అప్పుడు కనకవల్లి వైపు తిరిగి, గొంతు మళ్ళీ మెత్తగా చేసుకున్నాడు. "పిల్ల ఒంటరిగా ఉండాది బొంబాయిలో. మంచి హోటలే. నాకు తెలుసు."

పార్కు స్టేషన్లో దిగి ఇంటికి నడుస్తుంటే, వంతెన కింద కూవం ఏటి మురుగు కంపు ఎప్పటిలాగే ముక్కుకు తగిలింది. ఎప్పుడూ కొంగు అడ్డం పెట్టుకునే కనకవల్లి ఆ రోజు పెట్టుకోలేదు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి ఫోన్ మోగుతోంది. సాయిరామ్.

"ఏం పిన్నమ్మా, మళ్ళీ దించేసినారా? విమానం ఆఫీసులో అడిగితే చెప్పినారు. సరి, పరవాలేదు. మీ పెట్టె మాత్రం వస్తా ఉండాదంట. నాకు ఆడ తెలిసినవాడు ఉండాడు, నేనే పోయి సంతకం పెట్టి తెచ్చేస్తా. అమ్మకు మీరు కుట్టిన జాకెట్లు దాంట్లోనే ఉండాయి కదా?"

"వద్దు!" అంది కనకవల్లి. ఆ అరుపుకు ఎదురింటి అమ్మాసి కిటికీ తెరిచింది.

"ఎందుకు?"

రంగనాథం గబగబా వచ్చి ఫోన్ మాట్లాడే చోట అరచేయి అడ్డం పెట్టాడు. "ఫోన్లో ఏమీ చెప్పొద్దు. ఎవరు వింటారో" అని గుసగుసలాడాడు. కనకవల్లి ఆ చేతిని తోసేసింది.

"సాయీ, నా మీద ఒట్టు, మీ అమ్మ మీద ఒట్టు. ఆ పెట్టె జోలికి పోవద్దు. మాదని చెప్పొద్దు. ఆడకు పోనే వద్దు."

సాయిరామ్, చిన్నపిల్లవాడి గొంతుతో, "ఏం పెట్టినారు పిన్నమ్మా దాంట్లో?" అన్నాడు.

"తెలీదురా" అంది ఆమె. అంతకంటే నిజం ఆమె దగ్గర లేదు.

జననికి ఫోన్ చేసి, హోటల్ వదిలి వెంటనే తోటి ఉద్యోగుల గదికి మారిపొమ్మన్నారు. కారణం వినగానే జనని ఏడవలేదు. "అమ్మా, అది మత్తుమందైతే సింగపూరులో ఉరి" అంది. అంతే.

రంగనాథం ఊయల బల్ల మీద కూర్చుని ఆలోచించాడు. గమ్మున ఉండిపోదామన్నాడు. పోవద్దు, పెట్టె అడగవద్దు. ఎవరూ అడగని పెట్టె ఏ మూలో పడి ఉంటుంది. చెప్పుకుంటే మాత్రం ఎవరు నమ్ముతారు? సీటు కోసం ఒప్పుకున్నాం అంటే పోలీసులు నవ్వుతారు. కూతురి ఉద్యోగం పోతుంది.

"ఎవరూ అడగరని ఎట్ల అనుకుంటారు?" అంది కనకవల్లి. "ఆ మనిషి గమ్మున ఉంటాడా? సాయి తలుపు తట్టరా? పెట్టినది నేను. మీరు వద్దంటే కూడా విననిది నేను. నేనే చెప్తా."

మర్నాడు ఎప్పటి వేళకే బయలుదేరారు. చేతిలో పెట్టె లేదు. అమ్మాసి చూసింది. రైల్లో కనకవల్లి ఒడిలో పాస్‌పోర్టుల సంచి ఒక్కటే ఉంది.

ఆరోగ్యసామి దూరం నుంచే నవ్వాడు. "రండమ్మా, ఇవాళ విమానం సగం ఖాళీ. మీ ఇద్దరికీ ఎక్కడ కావాలంటే అక్కడ. కాళ్ళు చాపుకుని పోవచ్చు." ఇన్నాళ్ళూ ఆ మాట కోసం ఆమె ఎదురుచూసింది. హాల్లో అవతలి చివర, పత్రికల స్టాండు పక్కన, తెల్ల చొక్కా కనిపించింది. ఏకాంబరం వాళ్ళ వైపు చూస్తూ తల పంకించాడు, కానివ్వండి అన్నట్టు.

శుక్రవారం రేపే. ఇప్పుడు ఎక్కితే రాత్రికి అక్క పక్కన ఉండవచ్చు. పెట్టె అడగకుండా, ఉత్త చేతులతో బయటికి నడిచిపోవచ్చు. ఆ ఆలోచన ఆమెను ఒక్క క్షణం పట్టి లాగింది. కౌంటరు మీద చేయి పెట్టుకుని నిలదొక్కుకుంది.

"తంబీ," అంది ఆరోగ్యసామితో, అరవంలో, చాలా నెమ్మదిగా, "నిన్న మా పేరుతో పోయిన పెట్టెలో మాది కానిది ఒకటి ఉంది. అది సున్నుండలని చెప్పి ఇచ్చారు. అవి సున్నుండలు కావు. నువ్వు ఎవరికి చెప్పాలో వాళ్ళకు చెప్పు. అటు తిరిగి చూడకు, ఇచ్చినవాడు ఇక్కడే ఉన్నాడు."

ఆరోగ్యసామి ముఖం తెల్లబోయింది. అయినా నవ్వు చెదరనివ్వకుండా పాస్‌పోర్టులు తీసుకుని, లోపలికి రమ్మని సైగ చేశాడు. కస్టమ్స్ వాళ్ళు హాల్లోకి వచ్చేసరికి పత్రికల స్టాండు పక్కన ఎవరూ లేరు.

ఆ తరువాత జరిగినవి కనకవల్లికి వరసగా గుర్తులేవు. ఫ్యాను తిరగని గదిలో ఒకే సంగతిని మళ్ళీ మళ్ళీ చెప్పింది. సాయంత్రానికి సింగపూర్ నుంచి కబురు వచ్చింది. డబ్బాలో పైన ఒక వరస సున్నుండలు ఉన్నాయి. కింద ప్లాస్టిక్ పొట్లాల్లో గోధుమరంగు పొడి ఉంది. ఒక అధికారి ఆమెకు మంచినీళ్ళు ఇచ్చి వివరించాడు. అంతకుముందు రోజు రాని ఇద్దరు ప్రయాణికులు అసలు లేనే లేరట. ఎవరో దొంగ పేర్లతో ఆ రెండు సీట్లు కొని, చివరిదాకా అట్టే పెట్టి, ఖాళీ వదిలేశారు. స్టాండ్‌బైలో ఉన్నది వీళ్ళిద్దరే కాబట్టి సీట్లు వీళ్ళకే వచ్చి తీరతాయి. బొంబాయి విమానం సమయానికి వచ్చి ఉంటే ఆ దొంగల లెక్క తప్పేదే కాదు.

"మిమ్మల్ని దించకపోయి ఉంటే," అన్నాడు ఆ అధికారి, మాట పూర్తిచేయలేదు.

శుక్రవారం ఆపరేషన్ జరిగింది. ఆ ఉదయమే అక్కడి పోలీసులు ఆసుపత్రి వరండాలోంచి సాయిరామ్‌ను విచారణకు తీసుకెళ్ళారు. రెండు రోజుల తరువాత, ఏ తప్పూ లేదని వదిలేశారు. గోవిందమ్మ బతికింది. కోలుకున్నాక ఫోన్లో ఆమె అన్న మాట ఒక్కటే: "కళ్ళు తెరిచి చూస్తే ఎవరూ లేరు కనకా. నువ్వూ లేవు, వాడూ లేడు. నర్సు చేయి పట్టుకొని ఏడ్చినా." జరిగింది విన్నాక కూడా ఆమె గొంతు మునుపటిలా కాలేదు. సాయిరామ్ ఫోన్ చేయడం తగ్గించేశాడు. జనని ఉద్యోగం పోలేదు, కానీ కౌంటరు నుంచి తీసి సరుకుల గిడ్డంగి ఆఫీసులో వేశారు. తల్లిదండ్రుల టికెట్లు రద్దు చేశారు. రంగనాథం వాకిలి తలుపుకు రెండో గడియ పెట్టించాడు. వీధిలో తెల్ల చొక్కా కనిపిస్తే చాలు, ఇద్దరిలో ఒకరు మాట ఆపేసేవారు.

వర్షాలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం ఎవరో ఆ తలుపు తట్టారు. ముప్పయ్యేళ్ళ ఆడమనిషి, తడిసిన గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. పేరు సంయుక్త, ఊళ్ళోనే చూలై నుంచి వచ్చానంది. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే చెప్పింది. తన మొగుడు ముఖేష్ మరో విమాన కంపెనీలో పనిచేస్తాడు. అత్త వాసవాంబకు స్టాండ్‌బై టికెట్ దొరికింది. సింగపూరులో దిగగానే ఆమెను పట్టుకున్నారు. డబ్బా, పైన సున్నుండలు, కింద పొట్లాలు. ఇప్పుడు జైల్లో ఉంది. ఎవరో ఇచ్చారంటే అక్కడ ఎవరూ నమ్మడం లేదు.

"మీ సంగతి కస్టమ్స్ వాళ్ళ దగ్గర తెలిసిందమ్మా. మీకూ అట్లే ఇచ్చినారని లాయర్ దగ్గర ఒక్క మాట చెప్తే చాలు. మా అత్తకు అరవై దాటింది. ఆమెకు ఆడ మాట్లాడేదానికి ఇంగ్లీషు ఒక్క ముక్క కూడా తెలీదు."

రంగనాథం వెనక నుంచి, "మేము ఇప్పుడిప్పుడే తేరుకుంటా ఉండాం తల్లీ. వాడు బయటే ఉండాడు. మా పిల్ల రోజూ బయటికి పోయి రావాల" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

కనకవల్లి కాసేపు ఆ గొడుగు నుంచి గచ్చు మీదికి కారుతున్న నీళ్ళను చూస్తూ నిలబడింది. తరువాత చెప్పులు వేసుకుంది. "మీరు తలుపు వేసుకోండి. నేను వచ్చి తడితే పేరు చెప్తా, అప్పుడు తీయండి" అంది మొగుడితో.

జార్జి టౌనులో లాయర్ గదిలో కూర్చుని ఆమె అంతా చెప్పింది, తాను చీరల మధ్య చోటు చేసిన సంగతితో సహా. మనిషి ఎలా ఉంటాడని లాయర్ అడిగితే, "మంచివాడి మాదిరి ఉంటాడు" అంది. ఆ మాట రాసుకోవడానికి ఆయన తటపటాయించాడు. సింగపూర్ కోర్టు అడిగితే అక్కడికి వచ్చి చెప్పడానికి కూడా ఒప్పుకుని సంతకం పెట్టింది. పిలుపు వచ్చినప్పుడు రంగనాథం ఆమె వెంట వెళ్ళాడు. ఈసారి టికెట్లు కోర్టువాళ్ళే పంపారు, పేర్లు రాసిన సీట్లతో. అక్కడ ఉన్న రోజులన్నీ గోవిందమ్మ ఇంట్లోనే ఉన్నారు. సాయిరామ్ వాళ్ళను కోర్టుకు కారులో దింపేవాడు. దారిలో ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

ఏడాది దాటాక వాసవాంబను వదిలేశారు. ఏకాంబరం మాత్రం ఎక్కడా దొరకలేదు. ఆ పేరుతో తిరుత్తణి చుట్టుపక్కల అలాంటి మనిషి లేడని పోలీసులు చెప్పారు.

కనకవల్లి చూలై వెళ్ళి వాసవాంబను చూసింది. రేకుల పని చప్పుళ్ళు వినిపించే సందులో, మేడమీద గదిలో, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది ఆమె. జుట్టు కత్తిరించేసి ఉంది. సంయుక్త పరిచయం చేసింది. వాసవాంబ, గొంతు వాడి ఎన్నాళ్ళో అయినట్టు, అడిగింది:

"మీకూ ఆ మనిషే ఇచ్చినాడంట కదా. మరి మీరెట్ల తప్పించుకున్నారు?"

"మేము తప్పించుకోలేదండీ. మమ్మల్ని దించేసినారు. ఎన్ని రోజులు పోయినా మాకు సీటు దొరకలే."

వాసవాంబ తల ఊపింది. కిందికి చూస్తూ చీర అంచును వేళ్ళతో నలిపింది.

"నాకు మొదటిరోజే దొరికింది" అంది.